నటీమణి సారా బెర్నార్

శిల్పి గతించినను అతడు చెక్కిన విగ్రహము నిలుచును. కవి గతించినను కావ్యము నిలుచును. నటుని కళ అట్టిది కాదు. తెర దిగినంతనే అది ప్రేక్షకుల స్మృతిలో మాత్రమే మిగులును. ఆ ప్రేక్షకులును కాలధర్మము నొందిన పిదప పేరు తప్ప మరేమియు మిగులదు. అయినను అట్టి పేరే నూరు సంవత్సరములు దాటి నిలిచిన నటీమణి యొకతె ఫ్రాన్సు దేశమున నుండెను. ఆమె సారా బెర్నార్. పూర్వకాలపు రాణులు, సామ్రాజ్ఞులు, వీరవనితలు ఆమె రూపమున మరల వేదికపై నడచిరి. కాన్‌స్టాంటినోపిలు నేలిన థియొడోరా, ఈజిప్టు రాణి క్లియోపాత్రా, ఇంగ్లండు రాణి ఎలిజబెత్తు, ఫ్రాన్సును కాపాడిన పల్లెపడుచు జోన్ ఆఫ్ ఆర్క్ - వీరిని గూర్చి పుస్తకములలో చదివినవారు సహితము సారాను చూచిన పిదపనే వారిని కన్నులార చూచితిమని తలచెడివారు.

సారా 1844వ సంవత్సరము అక్టోబరు నెలలో పారిసు నగరమున జన్మించెను. ఆమె జనన వివరములున్న దస్తావేజులు 1871వ సంవత్సరమున పారిసు నగర మందిరము తగులబడినప్పుడు బూడిదయైపోయినవి. తల్లి హాలండు దేశమునుండి వచ్చిన యూదు స్త్రీ. ధనికుల ఆదరముపై ఆధారపడి విలాసముగ కాలము గడపెడి ఆమెకు బిడ్డ ఆలనపాలనలు చూచు తీరిక యుండెడిది కాదు. పసిపాపను బ్రిటనీ ప్రాంతమందలి యొక దాది కప్పగించి ఆమె తన దారిని తాను పోయెను. అందువలన ముందు ముందు ఫ్రెంచి నాటకరంగమున మకుటము లేని మహారాణిగ వెలయనున్న బాలికకు మొట్టమొదట వచ్చిన భాష ఫ్రెంచి కాదు. బ్రిటనీ పల్లెలలో మాటలాడు బ్రెటను.

కొంచెము పెద్దదైన పిమ్మట ఆమెను వెర్సేయి నగరమున క్రైస్తవ సన్యాసినులు నడుపు పాఠశాలలో చేర్చిరి. బాలిక బక్కపలుచనిది. తరచు దగ్గుచుండెడిది. ఎక్కువ కాలము జీవింపదని వైద్యులు పెదవి విరిచిరి. దేహము దుర్బలమే కాని కోపము మాత్రము మెండు. ఎవరైన కాదన్నచో ఆ పనినే చేసి చూపవలెనను మొండితనము ఆమెకు పుట్టుకతోనే అబ్బినది. అట్టి పిల్ల ఒకనాడు పాఠశాలలో బైబిలు కథ నొకదానిని నాటకముగ నాడినప్పుడు దేవదూత వేషము ధరించెను. ఆ ప్రథమ ప్రదర్శనము ఆమెను నటిగ మార్చలేదు సరికదా, సన్యాసినియై ఆ మఠముననే ఉండిపోవలెనను కోరికను పుట్టించెను.

పదునైదేండ్లు వచ్చునప్పటికి ఆమె భవిష్యత్తును నిర్ణయించుటకు ఇంటిలో పెద్దలు కొందరు సమావేశమైరి. వారిలో నాటి చక్రవర్తి మూడవ నెపోలియనునకు సోదరవరుసయగు మోర్నీ ప్రభువు కూడ నుండెను. పెండ్లి యనిరి, మఠ మనిరి, ఏదియు తెగలేదు. కడకు మోర్నీ ప్రభువు పిల్లను నాటకవిద్యాలయమునకు పంపుడని సలహా యిచ్చి లేచిపోయెను. ఆ మాట వినిన సారా యేడ్చెను. ప్రవేశ పరీక్ష నాడు తనతో సంభాషణము జరుపుటకు తోడెవ్వరును లేనందున ఆమె లఫాంటేను రచించిన రెండు పావురముల కథను, బడిలో నేర్చిన పద్యమునే, న్యాయనిర్ణేతలముందు చదివెనని చెప్పుదురు. పిల్లలు వల్లెవేయు కథకు ఆమె కంఠమున క్రొత్త ప్రాణము వచ్చెను. ఆమెకు ప్రవేశము లభించెను.

1862వ సంవత్సరము ఆగస్టు నెలలో సారా ఫ్రాన్సు దేశపు ప్రముఖ నాటకసంస్థయైన కొమెదీ ఫ్రాన్సేజ్‌లో తొలిసారి వేదిక నెక్కెను. భయముచే కాళ్లు వణకెను, మాటలు తడబడెను. విమర్శకులు పెద్దగ మెచ్చుకొనలేదు. ఈ వేదికాభయము ఆమెను జీవితాంతము విడువలేదు. ప్రపంచమంతయు మ్రొక్కిన పిదప కూడ తెర లేచుటకు ముందు ఆమె వణకుచునే యుండెడిది.

ఆ సంస్థలో ఆమె నిలిచినది కొలది నెలలు మాత్రమే. 1863వ సంవత్సరము జనవరిలో మహానాటకకర్తయగు మొలియేరు జన్మదినోత్సవము జరుగుచుండెను. సారా తన చిన్న చెల్లెలిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆ పిల్ల పొరపాటున ఒక వృద్ధనటి పొడవైన పావడ అంచును త్రొక్కెను. ఆ నటి కోపముతో పిల్లను త్రోసివేయగా దాని నుదురు స్తంభమునకు తగిలి రక్తము కారెను. మరుక్షణమున సారా ఆ నటి చెంపపై కొట్టెను. క్షమాపణ చెప్పుకొమ్మని అధికారులు ఆజ్ఞాపించిరి. సారా అంగీకరింపక బయటికి నడచెను. దేశమున అంతకు మించిన కొలువు లేదని ఆమె యెరుగును. పెద్దలను కొట్టుట మెచ్చదగిన పని కాదు. కాని చెల్లెలి రక్తమును చూచి ఊరకుండుట ఆమె స్వభావమునకు సాధ్యము కాలేదు.

తరువాతి మూడు నాలుగు సంవత్సరములు కష్టకాలము. చిన్నచిన్న వేషములతో పొట్ట గడుపుకొనవలసి వచ్చెను. 1864వ సంవత్సరమున ఆమెకు మోరిస్ అను కుమారుడు కలిగెను. ఆ బిడ్డను ఆమె యొంటరిగనే పెంచెను. తన తల్లివలె అతనిని ఎవరికో యప్పగించి పోలేదు.

1866వ సంవత్సరమున ఓదెయోన్ అను నాటకశాలలో చేరినప్పటినుండి ఆమె దశ తిరిగెను. ఫ్రెంచివారి ప్రాచీన విషాద నాటకములు పద్యమయములు. మన నాటకములందు వలె అచ్చట రాగము తీసి పాడరు; కాని పద్యపు నడక చెడకుండ, భావము మరుగుపడకుండ చదువుట అచ్చటను గొప్పవిద్యయే. సారా కంఠమున ఆ పద్యములు క్రొత్తగ వినిపించెను. ప్రజలు ఆమెది స్వర్ణకంఠ మనిరి. 1869లో కొప్పే అను యువకవి రచించిన చిన్న నాటికలో ఆమె ఊరూర తిరుగు గాయకబాలుని వేషము వేసి పారిసు నగరపు విద్యార్థుల మన్ననకు పాత్రురాలయ్యెను.

మరుసటి యేడు ఫ్రాన్సునకు ప్రష్యాతో యుద్ధము వచ్చెను. 1870వ సంవత్సరము సెప్టెంబరులో శత్రుసేనలు పారిసును చుట్టుముట్టెను. నాటకశాలలు మూతపడెను. సారా అధికారుల అనుమతి పొంది ఓదెయోన్ నాటకశాలను గాయపడిన సైనికులకు ఆసుపత్రిగ మార్చెను. ప్రేక్షకులు విహరించు మందిరములలో 32 మంచములు వేయించెను. తన వంటవానిని రప్పించి రోగులకు ఆహారము వండించెను. తానెరిగిన ధనికుల ఇండ్లనుండి బియ్యము, పిండి, దుప్పట్లు పోగుచేసెను. శస్త్రచికిత్స జరుగునప్పుడు వైద్యుని ప్రక్కన నిలిచి గాయములు కడిగెను. ఆ సంవత్సరము చలి భయంకరముగ నుండెను. బొగ్గు దొరకకుండ పోయెను. అప్పుడామె పాత తెరలను, బల్లలను, రంగస్థలపు సామగ్రిని పొయ్యిలో వేయించి రోగులను వెచ్చగ నుంచెను. నటికి ఆ వస్తువులెంత ప్రియమైనవో వేరుగ చెప్పనక్కరలేదు. 1871 జనవరిలో ఫిరంగిగుండ్లు నగరముపై పడసాగినప్పుడు రోగులను నేలమాళిగలోనికి దింపిరి. తుదకు ఆ ఆసుపత్రిని మూయవలసి వచ్చెను. అప్పటికి నూటయేబదిమందికి పైగ సైనికులు ఆమె సేవ నందుకొని యుండిరి.

యుద్ధము ముగిసెను. ప్రవాసమునుండి స్వదేశమునకు మరలిన మహాకవి విక్టర్ హ్యూగో తన నాటకమైన రూయీ బ్లాసును 1872 జనవరిలో మరల ప్రదర్శింపజేసెను. అందు సారా స్పెయిను రాణి పాత్ర ధరించెను. ఆ రాణి రెండవ చార్లెస్ రాజు భార్య. రాజమందిరపు కట్టుబాట్ల నడుమ పంజరములోని చిలుకవలె బ్రతికిన దుఃఖిని. సారా ఆమెను గర్వోన్నతురాలిగ గాక, వెండి కిరీటము క్రింద క్రుంగిపోవుచున్న ఒక యువతిగ చూపెను. నాటకము ముగిసిన పిమ్మట డెబ్బదియేండ్లు సమీపించుచున్న హ్యూగో మోకరించి ఆమె చేతిని ముద్దుపెట్టుకొనెను. ఆ రాత్రితో పారిసు ఆమెకు వశమయ్యెను. ఒకప్పుడు ఆమె విడిచి వచ్చిన కొమెదీ ఫ్రాన్సేజ్ వారే మరల ఆహ్వానించి కొలువు నిచ్చిరి.

అచ్చట ఎనిమిది సంవత్సరములు ఆమె కీర్తితో పాటు ఆమెను గూర్చిన వదంతులును పెరిగెను. ఆమె శిల్పములు చెక్కెను, చిత్రములు వ్రాసెను, బెలూనులో ఆకాశయానము చేసెను. ఇంటిలో శవపేటికను ఉంచుకొని అందు పరుండి ఛాయాచిత్రము తీయించుకొనెను. చిరుతపులి మొదలైన జంతువులను పెంచెను. వీనిలో కొన్ని పత్రికలవారి కల్పనలు. కొన్ని ఆమెయే కావలెనని పుట్టించినవి. తనను గూర్చి లోకము మాటలాడుకొనుట ఆమెకు ఇష్టమే. ఆమె వ్రాసికొన్న స్వీయచరిత్రను చదువునప్పుడు కూడ ఈ సంగతి మరువరాదు.

కాని సంస్థ నియమములకు లోబడి యుండుట ఆమెకు చేతకాలేదు. 1880లో, తగినంత అభ్యాసము లేకుండ ఆడవలసి వచ్చిన ఒక నాటకము చెడిపోగా, ఆమె రాజీనామా నిచ్చి వెడలిపోయెను. ఒప్పందము నుల్లంఘించినందులకు న్యాయస్థానము ఆమెకు లక్ష ఫ్రాంకులు నష్టపరిహారము విధించెను. ఆమె స్వంత నటబృందమును కూర్చుకొని ఓడ నెక్కి అమెరికాకు వెళ్లెను. 51 పట్టణములలో 157 ప్రదర్శనము లిచ్చెను. ప్రేక్షకులలో పలువురకు ఫ్రెంచి భాష రాదు. అయినను వారు ఏడ్చిరి, చప్పట్లు చరచిరి. ఆ యాత్రలో ఆమె ధరించిన పాత్రలలో ఆద్రియేన్ లకూవ్రర్ ఒకటి. ఆద్రియేన్ పదునెనిమిదవ శతాబ్దమున పారిసును మురిపించిన నటి. 1730లో ఆమె మరణించినప్పుడు, నటీనటులకు క్రైస్తవ సంస్కారములు చెల్లవని చెప్పి మతాధికారులు శ్మశానమున చోటీయలేదు. రాత్రివేళ రహస్యముగ ఒక బీడునేలలో ఆమెను పూడ్చిపెట్టిరి. సారా ఈ పాత్రను అనేకమారులు ధరించెను. తరువాతి కాలమున ఆద్రియేన్ కథను తానే నాటకముగ వ్రాసికొని ప్రదర్శించెను కూడ.

చరిత్రప్రసిద్ధురాండ్రను చూపుటకు ఆమె యెంత శ్రమపడెడిదో థియొడోరా నాటకము వలన తెలియును. క్రీస్తుశకము ఆరవ శతాబ్దమున కాన్‌స్టాంటినోపిలు నగరమున ఎలుగుబంట్లను కాపలాకాయు వానికి కుమార్తెగ పుట్టి, ఆటపాటలతో పొట్టపోసికొని, తుదకు జస్టీనియను చక్రవర్తిని పెండ్లాడి సామ్రాజ్ఞియైన స్త్రీ థియొడోరా. 532లో ప్రజలు తిరుగబడి నగరమునకు నిప్పుపెట్టినప్పుడు చక్రవర్తి ఓడనెక్కి పారిపోవుటకు సిద్ధపడెను. కిరీటము ధరించినవారు దానిని విడిచి బ్రతుకరాదని పట్టుపట్టి థియొడోరా అతనిని నిలిపెను. రాజ్యము నిలిచెను. ఇట్టి స్త్రీ పాత్రను సార్దూ అను రచయిత సారాకొరకే వ్రాసెను. సారా వెంటనే ఇటలీలోని రవెన్నా నగరమునకు ప్రయాణమయ్యెను. అచ్చటి సాన్ విటాలే దేవాలయపు గోడపై గాజుముక్కలు, రంగురాళ్లు పొదిగి కూర్చిన థియొడోరా చిత్రము నేటికిని కలదు. సారా ఆ చిత్రముముందు కూర్చుండి కిరీటమును, ముత్యాల సరములను, వస్త్రపుటంచులను గీసికొని వచ్చి అట్టి దుస్తులనే కుట్టించెను. 1884వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన నాటకము ప్రారంభమయ్యెను. పారిసులోనే రెండువందలకు పైగ ప్రదర్శనములు జరిగెను.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. సార్దూ తన నాటకమున థియొడోరాను పట్టుత్రాటితో ఉరిబిగించి చంపుదురని వ్రాసెను. నిజమున కామె 548లో వ్యాధిచే మరణించెను. ఉడుపులను రవెన్నాకు పోయి సరిచూచుకొన్నవారు కథను సరిచూచుకొనకుండుట విచిత్రమే. చరిత్ర నాటకములను చూచి చరిత్ర నేర్చుకొనదలచువారు ఈ భేదమును గుర్తింపవలెను. నాటకము చూపునది కాలపు గాలి, మనుష్యుని హృదయము. తేదీలకు, మరణ కారణములకు వేరు గ్రంథములు కలవు.

1890లో ఆమె క్లియోపాత్రా పాత్ర ధరించెను. రాణి పాముకాటుచే మరణించు ఘట్టమున సారా నిజమైన పామునే, విషము లేనిదానిని, చేత ధరించెడిది. ఈజిప్టు స్త్రీలవలె అరచేతులకు ఎర్రని రంగు పూసికొనెడిది. ప్రేక్షకులకు కనబడని అరచేతులకు రంగు ఎందులకని ఎవరో యడుగగా, తన చేయి తనకు కనబడునని, అప్పుడది క్లియోపాత్రా చేయిగనే ఉండవలెనని ఆమె బదులు చెప్పినట్లు ప్రతీతి. వేషము ఇతరుల కన్నులకు మాత్రమే కాదు, వేసికొన్నవారి మనస్సునకును కావలెనని ఆమె నమ్మెను.

అందరును ఆమెను పొగడిరని తలపరాదు. ఇంగ్లండున బెర్నార్డ్ షా అను ప్రసిద్ధ రచయిత ఆమెను తీవ్రముగ విమర్శించెను. 1895లో లండనునందు సారాయు, ఇటలీ దేశపు నటి ఎలెయొనొరా డ్యూజేయు ఒకే నాటకమును కొలది రోజుల తేడాతో ఆడిరి. డ్యూజే ముఖమునకు రంగు పూసికొనక, గొంతు పెంచక, పాత్రలో కరగిపోయెడిది. సారా మాత్రము పాత్రలోనికి ప్రవేశింపక ప్రతి పాత్రస్థానమునను తననే నిలుపుచున్నదని షా అభిప్రాయము. ఇందు సత్యము లేకపోలేదు. థియొడోరాయైనను క్లియోపాత్రాయైనను సారా సారాయే. కాని ప్రేక్షకులు వచ్చినది అందులకే. రెండేండ్ల పిమ్మట డ్యూజే పారిసునకు వచ్చినప్పుడు సారా తాను నడుపుచున్న నాటకశాలనే ఆమెకిచ్చినదను సంగతిని కూడ చెప్పిననే న్యాయము.

1899లో సారా పారిసు నడిబొడ్డున ఒక పెద్ద నాటకశాలను తీసికొని దానికి తన పేరు పెట్టెను. ఆ యేడే హామ్లెట్ వేషము వేసెను. 1900లో నెపోలియను చక్రవర్తి కుమారునిగ, ఇరువదియేండ్ల రోగగ్రస్తుడైన యువరాజుగ, తన యేబదియైదవ యేట వేదిక నెక్కెను. ఆంధ్ర రంగస్థలమున పురుషులు స్త్రీ పాత్రలు ధరించుట చాలకాలము రివాజుగ నుండెను. స్థానం నరసింహారావుగారి సత్యభామను, రోషనారను చూచినవారు ఎన్నడును మరువలేదు. సారా విషయమున ఈ రివాజు తారుమారైనది. ఆ రోజులలోనే, చేయని నేరమునకు శిక్షపడిన డ్రైఫస్ అను యూదు సైనికాధికారి పక్షమున ఆమె బహిరంగముగ నిలిచెను. కుమారుడు మోరిస్ ఎదుటి పక్షమున చేరెను. ప్రాణముకంటె ఎక్కువగ పెంచుకొన్న కుమారునితో కొంతకాలము మాటలు లేకపోయినను ఆమె తన అభిప్రాయమును మార్చుకొనలేదు.

1905లో దక్షిణ అమెరికాలోని రియో డి జనీరో నగరమున ఘోరమైన ప్రమాదము జరిగెను. టోస్కా నాటకపు చివర నాయిక కోటగోడపైనుండి దూకి ప్రాణము తీసికొనును. గోడ వెనుక మెత్తని పరుపులు పరచి యుంచుట వాడుక. ఆ నాడవి ఉండవలసినచోట లేవు. సారా కుడి మోకాలిపై పడెను. అప్పటికే, ఎన్నో నాటకములలో రాత్రి వెంట రాత్రి చెక్కనేలపై మోకాళ్లమీద పడి పడి ఆ కాలు దెబ్బతినియుండెను. గాయము మానలేదు. అయినను యాత్ర ఆగలేదు. మరుసటి యేడు అమెరికాలో నాటకశాలల నన్నిటిని గుప్పిట బెట్టుకొన్న వ్యాపారుల కూటమి ఆమెకు తావీయకపోగా, ఆమె టెక్సాసు రాష్ట్రమున సర్కసు డేరాలో నాటకము లాడెను. దూరదూరపు పల్లెలనుండి ప్రజలు గుర్రములపై వచ్చి చూచిరి.

జోన్ ఆఫ్ ఆర్క్ పాత్రను ఆమె రెండుసార్లు, రెండు వేరువేరు నాటకములలో ధరించెను. పదునైదవ శతాబ్దమున ఇంగ్లీషు సేనలు ఫ్రాన్సును ఆక్రమించినప్పుడు, చదువురాని పల్లెటూరి పిల్ల యొకతె కవచము తొడిగి 1429లో ఆర్లియాన్సు పట్టణమును విడిపించెను. ఆమెయే జోన్. శత్రువులకు చిక్కి రువాన్ నగరమున విచారింపబడి 1431లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, సజీవముగ దహింపబడెను. 1871లో ప్రష్యాకు ఓడి లొరేన్ సీమలో కొంతభాగమును పోగొట్టుకొన్న ఫ్రెంచివారికి, ఆ సీమ సరిహద్దులో పుట్టిన జోన్ తమ దుఃఖమునకును ఆశకును గుర్తయ్యెను. అందువలన ఆ పాత్ర ధరించుట నటికి పరీక్షయే. ఇతర పాత్రలలో పొరపాటు జరిగిన విమర్శకులు కోపింతురు. జోన్ పాత్రలో జరిగిన దేశమే కోపించును.

1890లో తొలిసారి ఆమె ఆ పాత్ర ధరించునప్పటికి నలుబదియైదేండ్లు. 1909లో ఆమె మరల జోన్ విచారణ అను నాటకము నాడెను. అప్పటికి ఆమెకు అరువదియైదేండ్లు నిండినవి. ఆమె నాయనమ్మయై చాలకాలమైనది. మోకాలు వంగుట లేదు. రంగమున న్యాయాధిపతులు కూర్చుండియుందురు. ముదుసలి నటి పల్లెపడుచు దుస్తులలో వారి యెదుట నిలుచును. న్యాయాధిపతి ఆమె వయస్సెంత యని యడుగును. ఆ ప్రశ్నకు నవ్వు రాకుండ ఉండుట యెట్లు? సారా ఆ ప్రశ్నను దాటవేయలేదు, తొందరపడి బదులు చెప్పి తప్పించుకొనలేదు. మెల్లగ న్యాయాధిపతులనుండి ముఖము త్రిప్పి ప్రేక్షకులవైపు చూచెడిది. ఒక్క క్షణ మాగెడిది. పిమ్మట స్పష్టముగ, నెమ్మదిగ, తనకు పందొమ్మిదేండ్లని చెప్పెడిది. ఎవ్వరును నవ్వలేదు. ప్రతి రాత్రియు ఆ మాటకు నాటకశాల కరతాళధ్వనులతో మారుమ్రోగెడిది.

1912లో ఆమె ఎలిజబెత్తు రాణిగ వేదిక నెక్కెను. ఆ నాటకము వేదికపై నిలువలేదు. కాని అదే కథను అప్పుడప్పుడే తలయెత్తుచున్న మూగ చలనచిత్రముగ తీయగా, అమెరికాలో విశేషముగ ఆదరణ పొందెను. తాను ప్రేమించిన ఎసెక్సు ప్రభువునకు తానే మరణదండన విధించి కుమిలిపోవు రాణి పాత్ర అది. ఆ చిత్రము నేటికిని మిగిలియున్నది. దానిని చూచినవారికి ఆమె చేతుల కదలిక తెలియును. స్వర్ణకంఠము మాత్రము వినబడదు.

మోకాలి బాధ భరింపరాని దయ్యెను. కట్టుకట్టి నెలల తరబడి కదలకుండ నుంచినను ఫలము లేకపోయెను. మొదటి ప్రపంచయుద్ధము జరుగుచుండగా, 1915వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన బోర్డో నగరమున వైద్యులు ఆమె కుడికాలిని మోకాలికి పైన తొలగించిరి. డెబ్బదియేండ్ల స్త్రీకి అది ప్రాణాపాయకరమైన చికిత్స. కాలు తీయుటకు వైద్యులు సందేహింపగా ఆమెయే పట్టుబట్టి తీయించుకొనెను. ఏమైనను సరే యను అర్థము గల రెండు మాటలను ఆమె చిన్ననాటినుండి తన ధ్యేయవాక్యముగ పెట్టుకొనియుండెను. ఉత్తరముల కాగితములపైనను, పాత్రలపైనను ఆ మాటలే ముద్రింపబడియుండెడివి. కొయ్యకాలు తెచ్చి యిచ్చిరి. ఆమె దానిని విసరిపారవేసెను. చంకకర్రలు అక్కరలేదనెను. పూర్వపు ప్రభువుల కాలమునాటి పల్లకి వంటి కుర్చీ నొకదానిని చేయించుకొని అందు కూర్చుండి ఇద్దరు మోయగా తిరుగసాగెను.

అదే సంవత్సరము నవంబరులో ఆమె మరల వేదికపై కానవచ్చెను. యుద్ధమున దెబ్బతినిన ఫ్రెంచి దేవాలయములు మాటలాడినట్లు వ్రాసిన కావ్యనాటికలో ఆమె స్ట్రాస్‌బర్గు దేవాలయము. కూర్చుండియే పలికి, చివర ఒంటికాలిపై లేచి నిలిచెను. మరుసటి సంవత్సరము యుద్ధరంగమునకు పోయి సైనికులకు వినోదము కూర్చెదనని బయలుదేరెను. వేర్దన్, ఆర్గాన్ ప్రాంతములలో ఫిరంగుల మ్రోత వినబడుచుండగా, పశువులశాలలోను, బయలు ప్రదేశములలోను అప్పటికప్పుడు కట్టిన వేదికలపై ఆమె కుర్చీని దింపిరి. ఎదుట కూర్చున్నవారు ఇరువదేండ్ల పడుచువాండ్రు. వారి తాతలనాటి నటి ఆమె. పేరు చెప్పినప్పుడు చప్పట్లు అంతగ మ్రోగలేదు. ముసలి స్త్రీ ఒకతె, ముఖమున రంగు, ఒంటికాలు, కుర్చీలో దుప్పటి కప్పుకొని కూర్చున్నది. ఆమె నోరు తెరచెను. దేశము కొరకు ప్రాణములిచ్చిన వారిని గూర్చిన పద్యములు వినిపించసాగెను. కంఠము క్రమముగ పైకి లేచెను. చివరి మాట ముగియునప్పటికి ఆ సైనికులందరు లేచి నిలిచి కేకలు వేసిరి.

అచ్చటినుండి మరల అమెరికా. 1916 మొదలు 1918 వరకు ఆమె అక్కడ పట్టణము వెంట పట్టణము తిరిగి, తన దేశమునకు తోడు రమ్మని అమెరికను ప్రజలను అర్థించెను. నడుమ మూత్రపిండములకు శస్త్రచికిత్స జరిగెను. కోలుకొని మరల తిరిగెను. ఇంత శ్రమ యెందులకని ప్రశ్నించువారికి సమాధానము సులభమే: ఆమెకు ధనము చేత నిలువదు, ఖాళీగ కూర్చుండుట చేతకాదు. దేశభక్తి యెంత నిజమో ఈ రెండును అంత నిజము.

1920లో ఆమె రాసీను నాటకమందలి యూదా దేశపు రాణి అతాలియాగ మరల వేదికపైకి వచ్చెను. ఈ సారి పల్లకి నాటకములోనిదే. రాణిని పరిచారకులు మోసికొని వచ్చిరి. ముసలితనము, కుంటితనము పాత్రకు అలంకారములయ్యెను. తన పీడకలను రాణి చెప్పుకొను ఘట్టమున ఆమె పద్యము చదువగా పారిసు మరల ఉలికిపడి వినెను. 1922వ సంవత్సరము డిసెంబరులో క్రొత్త నాటకము నభ్యసించుచు ఆమె స్పృహతప్పి పడెను. కొంత కోలుకొని, ఇల్లు కదలలేకపోయినను, చలనచిత్రము తీయువారిని ఇంటికే రప్పించుకొనెను. వారు తన గదిలో దీపములు అమర్చి చిత్రము తీయుచుండగా వ్యాధి తిరుగబెట్టెను. ఆమె నటన సగములో నిలిచిపోయెను. 1923వ సంవత్సరము మార్చి 26వ తేదీన, డెబ్బదియెనిమిదవ యేట, కుమారుడు మోరిస్ చేతులలో ఆమె కన్నుమూసెను.

మూడు రోజుల పిమ్మట ఆద్రియేన్‌కు దక్కని సంస్కారములన్నియు ఆమెకు దేవాలయమున జరిగెను. లక్షలకొలది ప్రజలు వీథుల కిరువైపుల నిలిచిరి. ఊరేగింపు ఆమె పేరుగల నాటకశాలముందుగ సాగి పేర్ లషేజ్ శ్మశానవాటికను చేరెను. తరువాత రెండవ ప్రపంచయుద్ధ కాలమున పారిసు నాక్రమించిన జర్మనులు, ఆమె యూదుజాతి స్త్రీ కనుక, ఆ నాటకశాలనుండి ఆమె పేరును చెరిపివేసిరి. యుద్ధము ముగిసిన పిదప పారిసువారు ఆ పేరును మరల వ్రాయించిరి.